మునిలక్ష్మి పేరున్న సీసా

14 జూన్ 1982, సోమవారం. మదనపల్లె.

నీళ్ళు పన్నెండు బిందెలు. రాగులు మూడు శేర్లు చెరిగి పిండిమిషన్‌కు పంపాను. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి రెండు జాడీలకు ఎత్తాను. బట్టలు పద్దెనిమిది. మామిడి ఒరుగులు ఎండకు పెట్టి తీశాను. తాగే నీళ్ళ కుండ నాలుగు గంటలకే ఖాళీ. మళ్ళీ నింపాను. ఇంట్లో ఉన్నది ముగ్గురం.

నిన్న అల్లుడు గంగాధరం మునిలక్ష్మిని దింపి, కాఫీ తాగి, కుప్పం బస్సుకే తిరిగి వెళ్ళాడు. పెళ్ళయిన రెండేళ్ళకు నిలిచిన కడుపు. మూడో నెల. వేవిళ్ళు తగ్గేదాకా ఇక్కడ ఉంచుకుంటామని నేనే కబురు పెట్టాను. పెట్టగానే పంపారు. ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అది నాకు నచ్చలేదు.

పైగా ఈరోజు దోసె తింటూ మునిలక్ష్మి అంది: "మా, బుధవారం మా యత్త వస్తాదంట. ఆసుపత్రికి తాను గూడా వస్తానన్నాది."

"యాల? నేను తోడుకోని పోలేనా?"

"ఏందో సెక్కెర పరీక్ష సేయించాలంట."

"ఎవురికి?"

"నాకే."

ఇరవై రెండేళ్ళ పిల్లకు చక్కెర జబ్బు పరీక్ష. కూర్చుని తినే షావుకార్లకు వచ్చే జబ్బది. మా ఇంట్లో ఎవరికీ లేదు.

15 జూన్, మంగళవారం

నీళ్ళు పన్నెండు బిందెలు. కుండ రెండుసార్లు నింపాను. ఎవరు తాగుతున్నారో కనిపెట్టాలి. ఎండలు ఎక్కువగా ఉన్నాయి, నిజమే. మునిలక్ష్మి అన్నం ముట్టలేదు. బేనీషా మామిడిపండ్లు ఉదయం రెండు, సాయంత్రం మూడు తింది. ఉగాదికి ముందు చెప్పు కరిచిన పుండు నా కాలిమీద ఇంకా పచ్చిగానే ఉంది. పసుపు పెట్టాను.

16 జూన్, బుధవారం

పనులు సగమే అయ్యాయి. కారణం మునిలక్ష్మి అత్త అన్నపూర్ణమ్మ.

పది గంటల బస్సుకు వస్తానన్న మనిషి పన్నెండున్నరకు వచ్చింది. చీర కుచ్చిళ్ళకు ఎర్రమట్టి. కుప్పంలో బస్సెక్కి మదనపల్లెలో దిగిన మనిషికి ఎర్రమట్టి ఎక్కడ అంటింది? "బస్సు సెడిపొయ్యింది వదినా" అంది. ఎక్కడ చెడిపోయిందని అడిగితే "దావలో" అంది. దారి అంటే పలమనేరు ఉంది, పుంగనూరు ఉంది.

ఆసుపత్రిలో కొత్త డాక్టరమ్మ. చిన్న వయసే. మునిలక్ష్మిని చూసి అంతా బాగుందంది. ఆమాట విని లేచి రావచ్చు. అన్నపూర్ణమ్మ లేవలేదు.

"సెక్కెర పరీక్ష ఇప్పుడే సేసేయండమ్మా."

డాక్టరమ్మ, "మామూలుగా ఏడో నెలలో చూస్తాం. ఇప్పుడే చూడాలంటే ఏదన్నా కారణం ఉండాలి" అని నా వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా? మీకెంతమంది పిల్లలు? బాగా పెద్దదిగా పుట్టి పోయిన బిడ్డ ఎవరైనా?"

"ఇద్దరు. ఇద్దరూ ఉండారు" అన్నాను.

అన్నపూర్ణమ్మ నా ముఖంలోకి చూసింది. డాక్టరమ్మను కాదు, నన్ను. తర్వాత చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "అయినా సరే, సూడండమ్మా. మీ కాళ్ళు మొక్కుతా" అంది. కోడలి కోసం ఏ అత్త ఇంతగా బతిమాలుతుంది?

డాక్టరమ్మ ఒక చిన్న సీసా ఇచ్చింది. దాని మీద మునిలక్ష్మి పేరు రాసిన కాగితం అంటించారు. రేపు తిన్న రెండు గంటలకు మూత్రం పట్టి తేవాలట. అన్నపూర్ణమ్మ ఇక్కడే చెల్లెలింట్లో దిగింది, రేపు నేరుగా ఆసుపత్రికి వస్తుంది.

సాయంత్రం ఆయనతో చెప్పాను. ఆయన నవ్వారు. "కోడల్ని సూసుకునే యత్త దొరికితే నీకు కడుపుమంట యాలమే?"

"ఆయమ్మ తమ్ముని కూతురు ఇంగా పెండ్లి గాకుండా ఉండాది. గెవనం పెట్టుకోండి."

గంగాధరానికి మేనమామ కూతురు ఉండగా వాళ్ళు మా ఇంటికి వచ్చి పిల్లనడిగారు. ఆ పొద్దే పుంగనూరులో ఉండే మా వదిన అంది, మేనరికం వదిలి వచ్చినవాళ్ళు ఎప్పటికైనా ఆ గడపకే తిరిగి పోతారని. ఇప్పుడు వాళ్ళకు కావలసింది ఒక కాగితం. ఈ పిల్లకు జబ్బుందని డాక్టరు రాసిచ్చిన కాగితం. అది చేతికొస్తే నా బిడ్డ ఈ ఇంట్లోనే ఉండిపోతుంది.

17 జూన్, గురువారం

రాయాలా వద్దా అని ఆలోచించాను. ఈ పుస్తకం ఎవరూ చూడరు. రాస్తాను.

పొద్దున మునిలక్ష్మి సీసా నింపి కిటికీలో పెట్టి పడుకుంది. నిన్నటికి ఇవాళ్టికి కలిపి ఏడు మామిడిపండ్లు దాని కడుపులో ఉన్నాయి. అంత తీపి తిన్న పిల్ల మూత్రంలో తీపి కనపడకుండా ఎట్లా ఉంటుంది? పండ్ల తీపి చూసి జబ్బని రాస్తారు. నేను ఈ వారంలో ఒక్క పండు కూడా ముట్టలేదు. నలభై నాలుగేళ్ళలో ఒక్క రోజు ఆసుపత్రి మంచం ఎక్కిన ఒళ్ళు కాదు నాది. సీసాను స్నానాల జాలాట్లో వంచి, కడిగి, నాది పట్టాను. పేరు కాగితం తడవకుండా జాగ్రత్తపడ్డాను.

పరీక్ష గదిలో కుప్పుస్వామి అని ఒకాయన ఉన్నాడు. గాజు గొట్టంలో నీలం మందు పోశాడు. ఎనిమిది చుక్కలు లెక్కపెట్టి వేశాడు. నేనూ లెక్కపెట్టాను. గొట్టాన్ని పట్టకారుతో స్పిరిట్ దీపం మీద పట్టుకున్నాడు. నీలం ఆకుపచ్చ అయింది. అక్కడే ఆగుతుందనుకున్నాను. పసుపు అయింది. తర్వాత ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా అయింది.

"నాలుగు ప్లస్సులు. చిన్నబిడ్డకు ఇంత జాస్తిగా ఎప్పుడూ చూళ్ళేదమ్మా" అన్నాడు.

మునిలక్ష్మి గోడకు ఆనుకుంది. అన్నపూర్ణమ్మ కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. సంతోషమే అయి ఉంటుంది.

డాక్టరమ్మ కాగితం రాసింది. సోమవారం పరగడుపున రావాలి, గ్లూకోజు నీళ్ళు తాగించి రక్తం తీస్తారు, ఆలస్యం చేయొద్దంది. నేను చెయ్యి చాచేలోపల అన్నపూర్ణమ్మ ఆ కాగితం మడిచి తన సంచిలో పెట్టుకుంది. "మా వానికి సూపించాల" అంది.

18 జూన్, శుక్రవారం

నీళ్ళు పదమూడు బిందెలు. అన్నపూర్ణమ్మ కాగితంతో కుప్పం వెళ్ళింది.

19 జూన్, శనివారం

కుప్పుస్వామి సీసాలు మార్చి ఉంటాడు. బల్లమీద ఆరు సీసాలు ఉన్నాయి.

20 జూన్, ఆదివారం

ఆరు కాదు. మూడు. మాది కాక మిగతా రెండూ ఖాళీవి.

21 జూన్, సోమవారం

ఇల్లంతా అలికాను. మజ్జిగ చిలికాను. పాత చీరలు నాలుగు కలిపి బొంత కుట్టడం మొదలుపెట్టాను, బిడ్డకు.

మునిలక్ష్మి పరగడుపునే తయారై కూర్చుంది. డాక్టరమ్మ ఊళ్ళో లేదట అని చెప్పాను. రక్తం తీస్తే కడుపులో బిడ్డకు నీరసం అని కూడా చెప్పాను. రెండు కారణాలు చెప్పకుండా ఉండాల్సింది. అది నా వైపు అనుమానంగా చూసింది.

"మా, నాకేమన్నా అయితాదా?"

"నీకేం గాదు."

"అంత గెట్టిగా ఎట్ల సెప్తావు? ఎర్రగా మారింది నేను గూడా సూస్తి గదా."

జవాబు నా దగ్గర ఉంది. చెప్పలేదు.

24 జూన్, గురువారం. పుంగనూరు వెళ్ళి వచ్చాను.

వదినను చూసి వస్తానని ఆయనకు చెప్పాను. వదిన ఇంటికి వెళ్ళలేదు. నేరుగా నా కాన్పులు చేసిన మంత్రసాని సిద్దమ్మ ఇంటికి వెళ్ళాను. సిద్దమ్మ ఇంటి సందు ఇప్పటికీ అంతే, చీలమండల దాకా ఎర్రమట్టి.

నేను అడగకముందే సిద్దమ్మ మొదలుపెట్టింది. "నీ వియ్యపురాలంట, పోయిన బుధవారం వచ్చినాది. పొడుగ్గా, ఎర్రగా. నీ తొలిసూరు బిడ్డ ఎట్లున్నిందని అడిగినాది."

"ఆయమ్మకు ఎవురు సెప్పినారు?"

"నీ కూతురే. నాకు ముందు ఒగ బిడ్డ పొయ్యిందంట అని మొగునితో అన్నాదంట. నేను ఉన్నదున్నట్టు సెప్పినా, దాపరికమేముండాది? మూణ్ణెల్ల బిడ్డ మాదిరి ఉన్నింది. బుజాలు ఇరుక్కుపాయె. ఏడవనే లేదు."

ఇరవై ఆరేళ్ళుగా నా ముందు ఎవరూ ఈ మాటలు అనలేదు. మగపిల్లవాడు. నేను చూశాను. చూడలేదని అప్పుడు అందరితో అన్నాను.

"నీ మాటలిని ఆయమ్మ ఏమన్నాది?"

"ఏడ్సినాది. ఆయమ్మ పెద్దకూతురు గూడా అట్లే పాయెనంట. బిడ్డ పెద్దదై, తల్లీ బిడ్డా ఒగేసారి. పోయినాక గానీ సెక్కెర అని తెల్లేదంట."

పెళ్ళిచూపులప్పుడు మాకు జ్వరంతో పోయిందని చెప్పారు. జ్వరమనే చెప్పారు, బాగా గుర్తు. ఏడ్చిందట. ఏడవడానికి ఎంతసేపు.

సిద్దమ్మ నా చేతిలోని చెంబు వైపు చూసింది. "అప్పుడూ ఇంతే నువ్వు. నొప్పుల్లో గూడా సెంబు ఇడిసి పెట్టలే. ఇప్పుడొచ్చినకాడ్నించి మూడు సెంబులు తాగితివి. నా కుండ అడుగు కనపడతాండాదమ్మా."

చెంబు కింద పెట్టాను. బస్టాండులో మళ్ళీ సోడా తాగాను.

25 జూన్, శుక్రవారం

కుండ పక్కన గోడమీద బొగ్గుతో మూడు వరసలు గీశాను. ఎవరు చెంబు ముంచినా వాళ్ళ వరసలో ఒక గీత.

ఆయన ఐదు. మునిలక్ష్మి ఏడు. నేను ఇరవై ఒకటి.

26 జూన్, శనివారం

మునిలక్ష్మిని పరగడుపున తీసుకువెళ్ళాను. డాక్టరమ్మ కోపంగా ఉంది. సోమవారం ఎందుకు రాలేదంది.

నిలబడే చెప్పాను. "సీసాలో ఉన్నింది నా బిడ్డది గాదమ్మా. నాది."

కుప్పుస్వామి పట్టకారు కింద పెట్టాడు. మునిలక్ష్మికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నా పేరు పెట్టుకోని నువ్వు పోసి తెచ్చినావా మా? నేను అయిదు పొద్దులు సచ్చిపోతానని ఏడుస్తాంటే సూస్తా కూసుంటివా?" అంది. నవ్వుతుందనుకున్నాను, ఏడ్చింది. పది రోజులని సరిచేయబోయి ఊరుకున్నాను.

డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది. ఆ తర్వాత మళ్ళీ అదే ప్రశ్న. "మీకెంతమంది పిల్లలు?"

"ముగ్గురు."

ఆ అంకె ఆమె రాసుకుంది. బరువెంత ఉండేదంటే తెలియదన్నాను, సిద్దమ్మ చెప్పిన కొలత చెప్పాను.

ఇద్దరికీ పరీక్షలు చేశారు. మునిలక్ష్మి మూత్రం గొట్టంలో నీలంగానే ఉండిపోయింది. అమ్మయ్య అనుకున్నాను. డాక్టరమ్మ అనుకోలేదు. గ్లూకోజు నీళ్ళల్లో నిమ్మకాయ పిండి తాగించి, గంటగంటకూ రక్తం తీయించింది.

28 జూన్, సోమవారం

ఫలితాలు వచ్చాయి. నాకు ఎన్నో ఏళ్ళుగా ఉంది. చాలా ఎక్కువ.

మునిలక్ష్మికీ ఉంది. ఇప్పుడే మొదలు. గ్లూకోజు తాగిన తర్వాత రక్తంలో దిగాల్సినంత దిగలేదు. మూత్రంలోకి ఇంకా రాలేదు.

"అంటే ఆ పొద్దు దాని సీసానే ఇచ్చింటే?" అని అడిగాను.

"నీలంగా ఉండేది. ఏడో నెలకు రమ్మని పంపేసేదాన్ని. అప్పటికి బిడ్డ పెరగకూడనంత పెరిగేది." కలం మూసి మళ్ళీ అంది: "మీరు చేసింది మంచిపని అనుకోకండి. మొదటి రోజే ఆ బిడ్డ సంగతి చెప్పి ఉంటే నేరుగా రక్తపరీక్షే రాసేదాన్ని. పన్నెండు రోజులు పోయాయి."

లెక్క సరిపోయింది. పన్నెండే.

1 జూలై, గురువారం

అన్నపూర్ణమ్మ వచ్చింది. కాగితం తిరిగి తెచ్చింది. గంగాధరాన్ని వెంటబెట్టుకుని రైల్లో బెంగుళూరు వెళ్ళి అక్కడ పెద్ద డాక్టరుకు చూపించిందట. కాగితం వెనకవైపు ఏం తినాలో, ఎంత తినాలో రాయించుకుని వచ్చింది. మా డాక్టరమ్మ చెప్పిందీ అదీ ఒకటే. కాగితాన్ని విప్పి రెండువైపులా చూశాను. ఇంకేమీ లేదు. మూడు మడతలు పెట్టింది నాలుగు మడతలుగా ఉంది, అంతే.

రక్తపరీక్షలోనూ చక్కెర వచ్చిందని చెప్పాను. సీసా సంగతి చెప్పలేదు. మునిలక్ష్మి నా వైపు చూసింది. "నువ్వే సెప్పుకో" అంది తర్వాత, వంటింట్లో.

9 ఆగస్టు, సోమవారం

రాగిసంగటి: మునిలక్ష్మికి ఒక ముద్ద, నాకు ఒక ముద్ద. తూకం వేసి చూశాను, రెండూ సమానం. ఆకుకూర చెరొక గిన్నె. పెసలు చెరొక పిడికెడు. పండ్లు లేవు. సాయంత్రం ఇద్దరం రైల్వే గేటుదాకా నడిచాం.

ఆయన, "ఈ ఇంట్లో అంతా తక్కెడతోనే పెడతాండారు. నేను గూడా తక్కెట్లో కూసోవల్లా?" అన్నారు.

నీళ్ళు పది బిందెలు. కుండ సాయంత్రానికి సగం ఉంది. కాలి పుండు మానింది.

20 సెప్టెంబర్, సోమవారం

తిండి ఒక్కటే చాలడం లేదట. మునిలక్ష్మికి ఇన్సులిన్ మొదలుపెట్టారు. కుప్పుస్వామి చీనీకాయ చేతికిచ్చి సూది గుచ్చడం నేర్పాడు. పదకొండు చీనీకాయలు పాడయ్యాయి. పన్నెండోది నా బిడ్డ తొడ. అది కళ్ళు మూసుకుంది, నేను మూసుకోలేదు.

24 అక్టోబర్, ఆదివారం

శ్రీమంతం. గాజులు ఇరవై ఒక్క డజన్లు పంచాం. లడ్డూల పళ్ళెం పెట్టలేదు. తాళింపు శెనగలు, కొబ్బరి ముక్కలు పెట్టాం. పక్కింటి కృష్ణమ్మ బుగ్గన వేలు పెట్టుకుని, "శ్రీమంతానికి శెనగలేందమ్మా! తీపి లేని పేరంటం యాడన్నా ఉండాదా?" అంది. నేను ఏదో ఒకటి చెప్పి తప్పించబోయాను. పళ్ళనొప్పి అనో, మొక్కు అనో.

అన్నపూర్ణమ్మ అందుకుంది. "మా కోడలికి సెక్కెర ఉండాది. దాపరికమేమీ లే. నా పెద్దబిడ్డ తెలీక పాయె. జొరమని సెప్పుకుంటా తిరిగితిమి, సిగ్గుపడి. మీ ఇండ్లల్లో కడుపుతో ఉండేవాళ్ళకు గూడా మొదట్లోనే సూపించండి. ఆపొద్దు మా యమ్మి సీసా ఎర్రగా మారె గాబట్టి ఈపొద్దు గాజులు తొడగతాండాం."

అందరూ ఊ కొట్టారు. అందరితోనూ ఇదే చెబుతోందట, కుప్పంలో కూడా. శెనగల పళ్ళెం పట్టుకుని నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆమె మాటల్లో ఎక్కడైనా మెలిక ఉందేమోనని ఇప్పటిదాకా ఆలోచించాను. దొరకలేదు.

9 డిసెంబర్, గురువారం

పనులు లేవు. ఆసుపత్రిలో ఉన్నాను.

గడువుకంటే రెండు వారాలు ముందే నొప్పులు తెప్పించారు. ఉదయం పదకొండూ ఇరవైకి ఆడపిల్ల. మూడు కిలోల నూరు గ్రాములు. తక్కెడ ముల్లు నేనే దగ్గరకు వెళ్ళి చూశాను. భుజాలు తేలిగ్గా వచ్చాయంది డాక్టరమ్మ.

ఏడ్చింది. బాగా గట్టిగా ఏడ్చింది.

12 డిసెంబర్, ఆదివారం

ఆసుపత్రి వరండాలో అన్నపూర్ణమ్మ బిడ్డ గుడ్డలు మడత పెడుతోంది. పక్కన కూర్చుని చెప్పేశాను.

"వదినా, ఆపొద్దు సీసాలో ఉన్నింది మునిలచ్చిమిది గాదు. నాది."

"ఏది?"

"ఎర్రగా మారింది."

గుడ్డ మడత సగంలో ఆగింది. "యాల?"

"నువ్వు మా యమ్మికి జబ్బని కాగితం పుట్టించి, మీ తమ్ముని కూతుర్ని తెచ్చుకుంటావని."

"మా తమ్ముని కూతురా? అదా? కోలారులో టీచరమ్మ. మా వాణ్ణి సూస్తేనే దానికి తుమ్ములొస్తాయి." నవ్వబోయి ఆగిపోయింది. ముఖం మారింది. "అయ్యో నా తల్లీ! ఆ గొట్టం ఎర్రగా మారింది సూసే గదా, తల్లీ బిడ్డా సల్లగా బయటపడితే నా జుట్టు ఇస్తానని బోయకొండ గంగమ్మకు మొక్కుకుంటిని! నీ ఉచ్చకు నా తల తాకట్టు పెడితినా?"

ఆ రోజు కళ్ళు మూసుకుని గొణిగింది అదన్నమాట.

లేచి లోపలికి వెళ్ళిపోయింది.

13 డిసెంబర్, సోమవారం

మాట్లాడలేదు.

14 డిసెంబర్, మంగళవారం

మాట్లాడలేదు. నేను తెచ్చిన సంగటి మాత్రం తింది.

15 డిసెంబర్, బుధవారం

పొద్దున చెంబు చేతికిస్తూ తానే అంది. "శానా ఆలోసన సేసినా. సీసా ఎవురిదో మొక్కు వాళ్ళదే."

"మొక్కింది నువ్వు గదా?"

"మొక్కింది నేనే. మోసపోయింది గూడా నేనే. గుండు నీది."

ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ కనపడలేదు. సరేనన్నాను.

6 ఫిబ్రవరి 1983, ఆదివారం

నీళ్ళు ఆరు బిందెలు, మిగతావి వచ్చాక. సద్దికి రాగిరొట్టెలు పద్నాలుగు. మునిలక్ష్మికీ బిడ్డకూ తలంటి, ఆయనకు అప్పజెప్పి బయలుదేరాను.

బోయకొండలో జనం బాగా ఉన్నారు. క్షౌరం దగ్గర వరసలో మా ముందు తొమ్మిది మంది. అన్నపూర్ణమ్మ కుప్పం నుంచి నేరుగా వచ్చింది. చెప్పిన టైముకే వచ్చింది. మంగలి నా జడ విప్పి, "ఇంత జుట్టు ఉండాదే, మూడు కత్తెర్లు ఇచ్చి పోరాదామ్మా" అన్నాడు. అన్నపూర్ణమ్మ ఏమంటుందోనని చూశాను. ఆమె నా జడనే చూస్తూ నిలబడింది.

"అంతా తియ్యప్పా" అన్నాను.

నీళ్ళు చల్లి కత్తి పెట్టాడు. నడుము కిందిదాకా ఉండే జుట్టు. పాయ పాయ ఒళ్ళో పడుతుంటే అన్నపూర్ణమ్మ నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. "నా పెద్దబిడ్డ పేరు చెంగమ్మ" అంది. నేను ఎప్పుడూ అడగలేదు. "మా వానికి పేరు పెట్టలేదు. పెట్టేదాకా ఉండనే లేదు" అన్నాను. మంగలి తల వంచమన్నాడు.

స్నానం అయ్యాక గంధం ఆమే రాసింది. కొంచెం గట్టిగానే ఒత్తి రాసింది. "నున్నగా ఉండాది వదినా, బెంగుళూరు వంకాయ మాదిరి" అని నవ్వింది. రాగిరొట్టెలు చెరి రెండు తిన్నాం. ఆమె బస్సు ముందు వచ్చింది.

బోయకొండ గంగమ్మకు అన్నపూర్ణమ్మ మొక్కిన తలనీలాలు, నా తల నుంచి: చెల్లు.